లేఖ్యశృంఖల – ఏదేరు రాగిరేకులు మొదలు బ్లాక్‌చైను వఱకు

చాట్రాయి గ్రామము నూజివీటికి నుత్తరముగ, తెలంగాణపు సరిహద్దునకుఁ జేరువగా నున్నది. మదరాసు రాజధానినాఁడు కృష్ణామండలమునందును, తరువాత ఆంధ్రప్రదేశములోని కృష్ణాజిల్లాయందును నుండి, 2022 ఏప్రిలులో జరిగిన జిల్లాల పునర్విభాగమువలన నేలూరు జిల్లాలోఁ జేరినది. ఈ సీమకుఁ బేరు దెచ్చినది మామిడి. చిన్నరసము, పెద్దరసము, బంగినపల్లి మొదలగు జాతుల తోఁటలు మెట్టనేలలలో వ్యాపించియున్నవి. తాత నాటిన చెట్టు మనుమని కాలమునకును గాచును. 1940 ప్రాంతమున నాటఁబడిన చెట్టొకటి నేఁడును నిలిచియున్నచో, అది తన క్రిందినేలకు లెక్క వ్రాసిన యయిదు విధముల వ్రాఁతలను జూచియుండును: జమీందారీ దఫ్తరము, రైతువారీ పట్టా, పట్టాదారు పాసుపుస్తకము, కరణము పోయిన పిమ్మట వచ్చిన గ్రామాధికారి లెక్క, కంప్యూటరు. చెట్టు కదలలేదు, వ్రాఁత మాత్రము చేతులు మాఱుచు వచ్చినది.

చేతులు మాఱినప్పుడెల్ల వ్రాఁత చెడునను భయము రైతునకుఁ దఱతరములనుండి కలదు. ఈ భయమునకు మందుగా నిటీవల బ్లాక్‌చైను అను నొక పద్ధతి ప్రశంసింపఁబడుచున్నది. ఒక లేఖ్యము ఒక్క కచేరిలోఁ గాక పెక్కుచోట్ల నుండుననియు, ముందటి లేఖ్యముయొక్క గుఱుతును వెనుకటి లేఖ్యము మోయుచుండుటచే నడుమ నొకదానిని దిద్దుట యసాధ్యమనియు దీని లక్షణములుగాఁ జెప్పుదురు. ఈ రెండు లక్షణములును సర్వథా నూతనములా, మన లేఖ్యచరిత్రమున వీనికిఁ బూర్వరూపములు గలవా, కలిగినచో నవి యెంతవఱకు ఫలించెను, ఎచట విఫలమయ్యెను అను విషయము విచారింపఁదగియున్నది.

యాజ్ఞవల్క్యస్మృతి యాచారాధ్యాయమున రాజధర్మప్రకరణములో భూదానలేఖ్యమునకు విధి చెప్పఁబడినది. రాజు భూమి నిచ్చునప్పుడు రాఁబోవు రాజులకుఁ దెలియుటకై పటముపైనఁ గాని తామ్రపట్టికపైనఁ గాని వ్రాయింపవలెను. తన ముద్ర నుంచవలెను. తన వంశ్యులను, తన్నును, దానపరిమాణమును, హద్దులను బేర్కొనవలెను. తన చేవ్రాలును గాలమును జేర్పవలెను. ఇందు వంశ్యులను వ్రాయుమనుట కీర్తికొఱకు మాత్రమే యని పెక్కురు తలంతురు. కీర్తికొఱకు నగుఁగాక, దానివలన మఱియొక ప్రయోజనము సిద్ధించినది. ప్రతి క్రొత్తశాసనమును తనకు ముందటి శాసనములలోని రాజపరంపరను మరల వల్లించుటచే, శాసనములన్నియు నొకదాని నొకటి పట్టుకొన్న గొలుసుగా నేర్పడినవి.

ఈ మాటకు నిదర్శనము దూరమునుండి తేనక్కఱలేదు. నూజివీటిసీమలోనే యాగిరిపల్లి చెంత ఏదేరు, అనఁగా నేఁటి ఈదర గ్రామమున, తూర్పుచాళుక్యుఁడైన మొదటి అమ్మరాజు తామ్రశాసనము దొరకినది. దానిని హుల్ట్‌జ్ పండితుఁడు 1890లో దక్షిణహిందూశాసనముల మొదటి సంపుటమునఁ బ్రకటించెను. పట్టవర్ధినీవంశజుఁడును సేనానియు నగు భండనాదిత్యునకు, కుంతాదిత్యుఁడను నామాంతరము గలవానికి, గొంటూరను గ్రామము నిచ్చుట దీని విషయము. గుంటూరు పేరునకుఁ దొలియుదాహరణముగా దీనిని జరిత్రకారులు గ్రహింతురు. ఒక్క గ్రామము నిచ్చుటకుఁ గుబ్జవిష్ణువర్ధనుఁడు మొదలుకొని మూఁడువందల యేండ్ల రాజులందఱును నిందుఁ బేర్కొనఁబడిరి. వారు పాలించిన వత్సరములును లెక్కింపఁబడినవి. కుబ్జవిష్ణువర్ధనుఁడు 18 సంవత్సరములు, మంగియువరాజు 25, రెండవ జయసింహుఁడు 13, అతని తమ్ముఁడు కొక్కిలి 6 నెలలు, మూఁడవ విష్ణువర్ధనుఁడు 37. నరేంద్రమృగరాజ బిరుదము గల రెండవ విజయాదిత్యుఁడు పండ్రెండేండ్లలో గంగులతోను రట్టులతోను 108 యుద్ధములు చేసి 108 శివాలయములు కట్టించెనను ప్రసిద్ధవిషయమును నీ శాసనములోనిదే.

తూర్పుచాళుక్యుల శాసనములు వేంగీదేశమున నానాగ్రామములలో, నానాకుటుంబముల యిండ్లలో, పొలములలో, దిబ్బలలో దొరకినవి. ఆరునెలలు పాలించిన కొక్కిలినిగాని, యేడుదినములు మాత్రమే యేలిన యింద్రభట్టారకుని గాని చరిత్రమునుండి తుడిచివేయఁ దలఁచినవాఁడు ఒక్క రాగిరేకును గరఁగించినఁ జాలదు. ఒండొరు నెఱుఁగని యా దానగ్రహీతలందఱి యిండ్లును దోఁచుకొనవలసియుండును. ఇది యెవ్వరును బన్నిన పన్నుగడ కాదు. దానములు పెక్కగుటచేతను, విధి ప్రకారము వంశావళి వ్రాయవలసివచ్చుటచేతను దానంతట నేర్పడిన రక్ష.

రక్షయే కాదు, పరీక్షయు దీనివలనఁ గలిగినది. మొదటి జయసింహునకుఁ గొన్నిశాసనములు 33 ఏండ్లును గొన్ని 30 ఏండ్లును జెప్పుచున్నవి. నరేంద్రమృగరాజునకుఁ గొన్నిట 40, కొన్నిట 44, మఱికొన్నిట 48 ఏండ్లు గలవు. ఒక్క శాసనమే దొరకియుండినచో నీ భేద మెవ్వరికిని దెలియకపోవును. తెలియని తప్పు సత్యముగాఁ జెలామణి యగును. పెక్కు ప్రతులుండుటచేతనే ఫ్లీటుదొర 1891 నాఁటికి వీనినన్నిటిని సరిపోల్చి తూర్పుచాళుక్యుల కాలక్రమమును నిర్ణయింప యత్నించెను. ఇటీవలి సాంకేతికులు ‘నోడుల యేకాభిప్రాయ’ మని చెప్పునది స్థూలముగా నిట్టిదే. అయితే వారిది నిమిషములలో జరుగును, ఫ్లీటునకు సంవత్సరములు పట్టినది.

రేకులను గ్రుచ్చిన కడియమునుగూర్చియు నొక్కమాట చెప్పవలసియున్నది. రేకుల కెడమప్రక్క రంధ్రము చేసి, యందులోఁ గడియము దూర్చి, దాని కొనలను ముద్రయడుగున నతికెడివారు. తూర్పుచాళుక్యుల ముద్రపై వరాహమును, సూర్యచంద్రులును, అంకుశమును, ‘శ్రీత్రిభువనాంకుశ’ యను నక్షరములును గలవు. కడియమును దెగఁగొట్టక యొక్క రేకును దీయుటకుఁ గాని చేర్చుటకుఁ గాని వీలులేదు. తెగఁగొట్టినచో నా గుఱుతు దాఁగదు. నేఁటి ముద్రణశాలలో బద్దలుగట్టిన పుస్తకమునకైన నింత భద్రత లేదు.

ఇంతచేసినను గూటశాసనములు పుట్టకపోలేదు. దేశమునందలి కూటశాసనములను ఫ్లీటు 1901లో నొకచోటఁ జేర్చి చర్చించెను. వానిలోఁ గొన్ని శకవర్షమునకును దిథివారములకును బొందిక లేక పట్టువడినవి; కొన్ని లిపి చెప్పిన కాలమునకుఁ దగియుండక పట్టువడినవి. శాసనాంతమున వ్యాసగీతములని చెప్పఁబడు శాపశ్లోకములు, భూమి హరించినవాఁ డఱువదివేలేండ్లు పురుగై పుట్టునని బెదరించినను, కూటకారుఁడు వానిని గూడ నిశ్చింతగాఁ దన రేకుపై చెక్కించుకొనెను. లోపమెచ్చట? దానలేఖ్యముయొక్క ప్రతి గ్రహీతయొద్ద నొకటియు, రాజాధికరణమున నొకటియు నుండవలెను. కౌటిల్యుఁడు చెప్పిన యక్షపటలమును, నిబంధపుస్తకములును నిందుకొఱ కేర్పడినవే. రాజ్యము పోయినప్పుడు అక్షపటలమును పోయెను. రాగి మిగిలెను, సరిచూచుటకు జత మిగులలేదు. జతపోయిన లేఖ్యము నెవ్వఁడైనను సృష్టింపవచ్చును.

లేఖ్యము నశించినప్పు డేమి చేయవలెనో కూడ యాజ్ఞవల్క్యుఁడు వ్యవహారాధ్యాయమునఁ జెప్పెను. దేశాంతరమునఁ జిక్కినను, చెడువ్రాఁతయైనను, నశించినను, చెఱిగినను, అపహరింపఁబడినను, పగిలినను, కాలినను, తెగినను వేఱొక లేఖ్యమును వ్రాయింపవలెను. తిక్కన శిష్యుఁడగు కేతన విజ్ఞానేశ్వరమును దెలుఁగుచేసి యిట్టి ధర్మములను మన భాషలోనికిఁ దెచ్చెను. ఇది శాస్త్రములో నుండిపోయిన విధి కాదు. కామరూపాధిపతియగు భాస్కరవర్మ, తన పూర్వికుఁ డొసఁగిన దానపు రేకులు కాలిపోఁగా వానిని మరల వ్రాయించి యిచ్చెనని నిధన్‌పురశాసనము చెప్పుచున్నది.

ఒకదాని నొకటి మోయు గొలుసునకు నిర్దుష్టమైన పూర్వరూపము మాత్రము శాసనములలోఁ గాక వేదపాఠమునందుఁ గలదు. సంహితను శాకల్యుఁడు పదములుగా విభజించెను. పాణిని తన సూత్రములో నీ శాకల్యుని స్మరించెను. క్రమపాఠమున మొదటిపదము రెండవదానితోను, రెండవది మూఁడవదానితోను, మూఁడవది నాలుగవదానితోను గలిపి చెప్పఁబడును. కాఁబట్టి ప్రతిపదమును రెండుమాఱులు, ఒకమాఱు ముందుపదమునకుఁ దోడుగాను, ఒకమాఱు వెనుకపదమునకు మొదలుగాను వచ్చును. నడుమ నొక పదము జాఱినచో రెండుచోట్ల సంధి చెడి వెంటనే తెలియును. జటయందును ఘనమునందును నీ ముడి మఱింత బిగియును. దీనిపైని అనుక్రమణులు పదముల మొత్తము సంఖ్యను, ఋగ్వేదమునకు 1,53,826 అని, నిర్దేశించినవి. ఒకరిని నమ్ముట లేదు. నాలుగుదిక్కుల నున్న ఘనపాఠు లొకచోటఁ జేరినప్పుడు పాఠము కలియవలెను. కలియనిచోఁ దప్పెవ్వరిదో యప్పుడే తేలును. తాటియాకునకుఁ గూడ నెక్కని గ్రంథము వేలయేండ్లు చెక్కుచెదరక నిలిచినదనిన, నీ ముడియును, నీ బహుస్థానతయుఁ గారణములు.

భూమిలెక్కలకు మరలుదము. రాగి రాజదానములకుఁ జెల్లినది. గ్రామపు నిత్యవ్యవహారమంతయుఁ దాటియాకు కవిలెలో నడచినది. కవిలె కరణమునొద్ద నుండును. 1802లో శాశ్వతపైసలా వచ్చినప్పుడు మదరాసు ప్రభుత్వము 25వ రెగ్యులేషనుచే జమీందారులకు సన్నదు లిచ్చుచునే, ఆ సంవత్సరముననే 29వ రెగ్యులేషనుచే జమీందారీ గ్రామములలోఁ గరణముల యుద్యోగమును శాసనబద్ధము చేసెను. జమీందారు చెప్పినదే లెక్క గాకుండ రెండవచేతిలో నొక లెక్క యుండవలెనని దాని తాత్పర్యము. తాత్పర్యము మంచిదే. కాని కరణమును జమీందారును నొక్కటైనచోట రెండులెక్కలును నొక్కటియే యయ్యెను. వారిర్వురకును బడనిచోట రైతు రెండింటి నడుమ నలిగెను. ప్రతులు రెండయినంత మాత్రమున స్వాతంత్ర్యము రెండు గాదు. ఈ సంగతి నేఁటి బ్లాక్‌చైను విషయమున మరల నక్కఱకు వచ్చును.

కవిలెలు పురుగులకును, వానలకును, కలాపములకును బలియైనవి. కాలిన్ మెకంజీ తన సహాయులగు కావలి బొఱ్ఱయ్య, లక్ష్మయ్య, రామస్వామి ప్రభృతులచే కైఫీయతులను సేకరించినప్పుడు గ్రామకరణముల దండకవిలెలే యాధారములయ్యెను. బొఱ్ఱయ్య 1803లోను, మెకంజీ 1821లోను గతించిరి. తరువాత బ్రౌనుదొర యా స్థానికచరిత్రములకు గొన్నిటికి మరల ప్రతులు వ్రాయించి కట్టించెను. మూలమగు తాటియాకు కవిలెలలోఁ బెక్కులు నేఁడు లేవు. ప్రతికిఁ బ్రతియైన కాగితపుసంపుటములే గతి. లేఖ్యమును గాపాడినది పెట్టె కాదు, లేఖకుని ఘంటము.

1908 నాఁటి రిజిస్ట్రేషను చట్టము ప్రతుల విషయమున మిక్కిలి దూరదృష్టి గలది. దస్తావేజుయొక్క మూలము యజమానునకుఁ దిరిగి యిచ్చివేయఁబడును; దాని నకలు సబురిజిస్ట్రారు పుస్తకమున నిలుచును. భూమి రెండు కచేరీల యెల్లలలో నున్నచో, రిజిస్టరు చేసిన కచేరి రెండవకచేరికి జ్ఞాపిక పంపవలెను. ఇట్లొక్క దస్తావేజు మూఁడుచోట్ల గుఱుతు విడుచును. 1948 నాఁటి 26వ చట్టముచే జమీందారీలు రద్దయి రైతువారీ యేర్పడెను. 1971 చట్టముచే హక్కుల దాఖలాయుఁ బట్టాదారు పాసుపుస్తకమును వచ్చినవి. 1984లోఁ గరణము మునసబు ఉద్యోగములు తీసివేయఁబడినవి. తరతరములుగా నొక్కయింట నున్న లెక్కలు ప్రభుత్వోద్యోగుల వశమయ్యెను. 1998లో రిజిస్ట్రేషను కచేరీలలోఁ గంప్యూటరులు ప్రవేశించినవి. 2015లో ‘మీ భూమి’ యను పేర అడంగలును 1బీయు నెవ్వరైనఁ జూచుకొను నేర్పాటు కలిగినది. చూచుటకు సౌకర్యము పెరిగినది నిజమే. అయిననాఁడు మూఁడుచేతులలో నున్న లెక్క యొక్క యంత్రములోనికిఁ జేరుటయు నిజమే. కరణము దిద్దినచోఁ గొట్టివేఁత కనఁబడెడిది, సిరా మాఱెడిది. యంత్రములోని దిద్దుబాటునకు నట్టి మచ్చ, కావలెనని పెట్టినఁ గాని, యుండదు.

ఈ మచ్చను దప్పించుకొనరానిదిగాఁ జేయుటకే గణితజ్ఞు లుపాయము గనిపెట్టిరి. ఎంత పెద్ద వ్రాఁతనైన నొక గణితవిధిలో వేసినచో నియతప్రమాణము గల చిన్న సంకేతము వచ్చును. దీనిని హ్యాష్ అందురు, తెలుఁగున సంగ్రహముద్ర యనవచ్చును. ప్రసిద్ధమైన ఎస్‌హెచ్‌ఏ–256 విధిలో నా ముద్ర 64 అక్షరాంకములు గలది. వ్రాఁతలో నొక్క సున్న మాఱినను ముద్ర యంతయు మాఱిపోవును. ముద్రనుండి వ్రాఁతను గ్రహింపఁజాలరు. అదే ముద్ర వచ్చునట్టి వేఱొక వ్రాఁతను బుట్టించుట కెవ్వరికిని నింతవఱకు శక్యము కాలేదు. స్టువర్ట్ హేబరును స్కాట్ స్టార్నెట్టయు 1991లో నొక వ్యాసము ప్రకటించి, లేఖ్యముల ముద్రలను గొలుసుగాఁ గూర్చి కాలనిర్ణయము చేయు పద్ధతిని జూపిరి. ఆ పద్ధతి ననుసరించిన వారి సంస్థ 1995 నుండి వారమున కొక ముద్రను న్యూయార్కు టైమ్సు పత్రికలోఁ బ్రకటనగా వేయించెను. పత్రిక లక్షలయిండ్లకుఁ బోవును గదా. దానిని దిద్దువాఁ డా యిండ్లన్నియుఁ దిరుగవలెను. ఏదేరు రేకుల రక్షయు నిట్టిదే.

సతోషి నకమోటొ యను మాఱుపేరు గలవారు 2008 అక్టోబరులో బిట్‌కాయిను పద్ధతిని బ్రకటించి, 2009 జనవరి 3వ తేదీనాఁడు మొదటి కట్టను గట్టిరి. కట్ట యనఁగా కొన్ని లేఖ్యముల సముదాయము, కవిలెకట్ట వంటిది. ప్రతికట్టయు ముందటికట్టయొక్క సంగ్రహముద్రను దనలోఁ జేర్చుకొనును. కట్టలన్నియు వేలకొలఁది యంత్రములలో నొక్కటే విధముగ నుండును. పదవకట్టలో నొక యక్షరము దిద్దినచోఁ బదునొకండవకట్టలోని ముద్ర దానితోఁ గలియదు. దానిని దిద్దినఁ బండ్రెండవది కలియదు. క్రమపాఠమున పదము జాఱిన ట్లుండును.

ఇచ్చట నొక పొరపాటుఁదలంపును దీర్పవలసియున్నది. లేఖ్యమంతయు బ్లాక్‌చైనులోనే దాఁగియుండునని సామాన్యముగాఁ జెప్పుచుందురు. అది సరిగాదు. దస్తావేజుల చిత్రములు, పటములు, గ్రంథములు మిక్కిలి బరువైనవి. వాని నన్నిటిని ప్రతియంత్రమునను నుంచుట దుర్భరమగు వ్యయము. కాఁబట్టి గొలుసులో సంగ్రహముద్ర మాత్రముండును. లేఖ్యము వేఱొకచోట నుండును. ముద్ర లేఖ్యముయొక్క యథార్థతకు సాక్షి, లేఖ్యమునకు గాదె కాదు. లేఖ్యమే నశించినచో ముద్రచేఁ దెలియునది యేదో యొకటి యుండెడిదని మాత్రమే.

ఆ గాదెను గూడ నొక్కరి వశమునఁ జేయఁగూడదను నుద్దేశముతో వచ్చినది వికేంద్రీకృతనిక్షేపము. ఈ పదమును గూర్చి యొకింత: కేంద్రీకరణమను శబ్దమున చ్విప్రత్యయము అభూతతద్భావమును దెలుపును, అనఁగా గేంద్రము కానిది కేంద్రమగుట. ‘వి’ యనునది దానిని మరల విప్పుటను జెప్పును. ఘనపాఠులకును, దానగ్రహీతలకును నీ పదము పొసఁగదు. వారిది మొదటినుండియుఁ గేంద్రము లేని వ్యవస్థ. కంప్యూటరులతోఁ గేంద్రము నేర్పఱచుకొన్న తరువాతనే దానిని విప్పు నవసరము వచ్చినది.

జువాన్ బెనెట్ 2014–15లలో వెలువరించిన ఐపీఎఫ్ఎస్ అను పద్ధతిలో లేఖ్యమునకుఁ జిరునామా దాని స్థానమునుబట్టి కాక దాని సంగ్రహముద్రనుబట్టి యేర్పడును. ‘ఫలానా యలమారలోని గ్రంథ’ మని కాక, ‘ఈ ముద్ర గల గ్రంథ మెవ్వరియొద్ద నున్న వారీయుఁ’డని యడుగుట. వచ్చినదానిని మరల ముద్రవేసి చూచుకొనినఁ గపటము తేలును. కాని యెవ్వరును దానిని దాఁచియుండనిచో నడిగియుఁ బ్రయోజనములేదు. ఈ కొఱఁత తీర్చుటకు 2020 అక్టోబరులోఁ బ్రారంభమైన ఫైల్‌కాయిను జాలమున, ఇతరుల లేఖ్యములను దాఁచువాఁడు ముందుగా ధరావతు చెల్లించును; తానింకను దాఁచియున్నట్లు నియతకాలమున గణితసాక్ష్యము చూపుచుండవలెను; చూపనిచో ధరావతు కోల్పోవును. ప్రాచీనులు పురుగుజన్మతో బెదరించినచోట నవీనులు సొమ్ముతో బెదరింతురు. ఏది హెచ్చు పనిచేయునో కాలమే చెప్పవలెను; ఈ జాలములు నిన్నమొన్నటివి, రాగిరేకునకు వేయియేండ్లు దాఁటినవి.

మఱికొన్ని జాలములలో లేఖ్యమును ముక్కలుచేసి, అదనపుముక్కలను గల్పించి, వేఱువేఱు చోట్ల నుంతురు. 1960లో రీడు, సాలమను అను గణితజ్ఞులు చూపిన విధిచేఁ గొన్నిముక్కలు పోయినను మిగిలినవానినుండి మొత్తము గ్రంథము తిరిగి వచ్చును. ప్రతి యంతయు నెచ్చటను లేకయే గ్రంథ మంతట నుండుట యిందలి వింత.

పండితలోకమునకు నీ విషయము నేలలెక్కలకన్న దగ్గఱది. నన్నెచోడుని కుమారసంభవమును మానవల్లి రామకృష్ణకవి 1909లోఁ బ్రకటించినప్పుడు ఆధారము మిక్కిలి స్వల్పము. తత్ఫలముగాఁ గొందఱు విమర్శకులు గ్రంథమే కూటసృష్టి యేమో యని శంకించిరి. నాలుగుసీమలలో నాలుగుప్రతులు దొరకియున్న నీ వివాదమునకుఁ దావే లేదు. మన కాలమునఁ గూడ నట్టి గండ మొకటి తప్పినది. ఆచార్య రాజ్ రెడ్డిగారి పూనికతో జరిగిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా యందు వేలకొలఁది తెలుఁగుపుస్తకములు చిత్రములుగాఁ దీయఁబడి బెంగుళూరు, హైదరాబాదు మొదలగుచోట్ల నుంచఁబడినవి. ఆ నిలయము మూఁతపడుకాలమునకు, అందలి నాలుగులక్షలకుఁ బైబడిన పుస్తకములకుఁ బ్రతులు 2017 నాఁటికి ఇంటర్నెట్ ఆర్కైవు అను విదేశభాండారమునఁ జేరియుండుటచే నేఁటి పరిశోధకులకుఁ బాతపుస్తకములు దక్కినవి. అయితే 2024 అక్టోబరులో నా భాండారముపైఁ జోరులు దాడిచేయఁగా నదియుఁ గొన్నిదినములు నిలిచిపోయెను. ఒక్కదానిని విడిచి మఱియొక్కదానిని నమ్ముట నమ్మకమును మార్చుటయే కాని పెంచుట కాదు.

ఆంధ్రదేశమున నేల దాఖలాలకు నీ పద్ధతిని బట్టించు యత్నము 2017లో జరిగినది. ఆ యేఁటి అక్టోబరులో విశాఖపట్టణమున బ్లాక్‌చైను విషయమై యొక మహాసభ జరిగెను. రాష్ట్రప్రభుత్వము భూమి దాఖలాలను, రవాణాశాఖ దాఖలాలను బ్రయోగమునకుఁ జేకొనెను. అమరావతి రాజధానిప్రాంతపు భూలేఖ్యములవిషయమున హైదరాబాదులోని జెబీ యను సంస్థ పనిచేసెను. అది రాష్ట్రమంతటి దాఖలాలకు వ్యాపింపకమునుపే 2019లోఁ బ్రభుత్వము మాఱినది. 2020 డిసెంబరు 21వ తేదీని జగ్గయ్యపేట చెంత తక్కెళ్లపాడున మొదలిడిన పునస్సర్వే వేఱుతోవ. అది నేలను గొలుచుట, లేఖ్యమును బంచుట కాదు.

కేంద్రప్రభుత్వము 2024 సెప్టెంబరులో ‘విశ్వస్య’ యను బ్లాక్‌చైను వ్యవస్థను వెలువరించెను. దాని నిర్మాణమున హైదరాబాదులోని ఐడీఆర్‌బీటీ, ఐఐటీ, ట్రిపుల్ ఐటీలు పాలుగొన్నవి. యంత్రములు భువనేశ్వరము, పుణె, హైదరాబాదులలోని జాతీయసమాచారకేంద్రపు నిలయములలో నున్నవి. మూఁడూళ్లలో నుండుట వఱదకును నగ్నికిని మంచి రక్ష. కాని మూఁటికిని యజమాని యొక్కఁడే. వితరణము వేఱు, వికేంద్రీకరణము వేఱు. జమీందారును గరణమును నొక్కటైన గ్రామమున రెండులెక్కలు విలువ కోల్పోయినట్లు, ఒక్క యాజ్ఞకు లోఁబడిన మూఁడుయంత్రములును న్యాయదృష్టిని నొక్కటియే. సబురిజిస్ట్రారు కచేరియు, బ్యాంకును, న్యాయస్థానమును వేఱువేఱుగ దమతమ ప్రతుల నుంచుకొని, యొకరి సమ్మతిలేక యొకరు దిద్దలేనట్లు చేసిననే యీ పద్ధతి తన పేరునకుఁ దగును.

అంతకన్నఁ గష్టమైన చిక్కు మొదటివ్రాఁతలో నున్నది. గొలుసు తనలోఁ బడినదానిని మాఱనీయదు. పడినది నిజమా యని యడుగదు. నరేంద్రమృగరాజునకు 48 ఏండ్లని వ్రాసిన లేఖకునికి ముందు 44 అని వ్రాసినవాఁడు తప్పియుండవచ్చును. రెండురేకులును సమానముగ భద్రములు. అట్లే మామిడితోఁట పేరు తప్పుగాఁ బడిన 1బీని గొలుసులో వేసినచో నా తప్పు వజ్రలేపమగును. సవరణను క్రొత్తకట్టగాఁ జేర్పవచ్చును, పాతది యుండియేతీరును. న్యాయమునకు నిది మేలే. ఎవ్వఁడెప్పుడు దిద్దెనో తెలియును. కాని 2023 నాఁటి వ్యక్తిగతసమాచారరక్షణ చట్టము తన సమాచారమును జెఱిపివేయింపఁగోరు హక్కును మనుష్యున కిచ్చినది. చెఱుపరానిదే తన గుణమని చెప్పుకొను గొలుసున కిది యెట్లు పొసఁగునో విచార్యము. లేఖ్యమును వెలుపల నుంచి ముద్రను మాత్రము గొలుసున నుంచుట యిందుకుఁ గొంత సమాధానము.

హక్కును దాఖలాయే నిశ్చయించునట్లు చేయఁబూనిన 2022 నాఁటి యాంధ్రప్రదేశ భూమిహక్కుల చట్టము 2023 అక్టోబరులో నమలునకు వచ్చి, తీవ్రవివాదమునకు గుఱియై, 2024 జూలైలో శాసనసభచే రద్దుచేయఁబడెను. రైతులు భయపడినది యంత్రమునకుఁ గాదు. వ్రాఁత తప్పినప్పు డెవ్వరియొద్దకుఁ బోవలెనను సంశయమునకు. ఆ ప్రశ్నకు 1971 చట్టము చెప్పిన ప్రత్యుత్తర మింకను నిలిచియున్నది: చాట్రాయి తోఁటలెక్కలోఁ దప్పు వచ్చినచో మొదట చాట్రాయి తహసీలుదారునకు, సమ్మతము గానిచో నప్పీలు నూజివీటి రెవెన్యూ డివిజనల్ అధికారికి, ఆపై పునర్విచారణ ఏలూరిలోని జిల్లాధికారులకు. అర్జీతోఁబాటు రైతు చూపునవి పాత దస్తావేజు, శిస్తురసీదులు, పొరుగువారి సాక్ష్యము, చెట్ల వయస్సు.